ఆరుకొట్టంలో ఆఖరి వంతు

హోర్నీ పసెకీ, మొరావియా కొండలు
జూలై, పునీత అన్నమ్మ పండుగ మరునాడు

వియన్నా పట్నంలో ఉన్న నా జ్ఞానపుత్రుడు తోబియాష్ జాద్రపాకు,

యేసుకు స్తోత్రం. ఆశీస్సులు మాత్రం నీ జవాబు చూశాక పంపిస్తాను.

జ్ఞానస్నానం రోజు నిన్ను చేతుల్లో పట్టుకున్నది నేను. నా రవిక తడిపావు, పాదిరిగారి అంగీ కూడా తడిపావు. ఆ తర్వాత నువ్వు ఓడ ఎక్కి ఉత్తరాన మంచు సముద్రానికి వెళ్లావు. ఓడ మంచులో ఇరుక్కుంటే మనుషుల్ని నడిపించుకుని ప్రాణాలతో తెచ్చావు. చక్రవర్తి నీ ఛాతీకి పతకం గుచ్చాడు. బాగానే ఉంది. కానీ జ్ఞానతల్లికి చెవి మెలిపెట్టే హక్కు పతకంతో పోదు. ఇప్పుడా హక్కు వాడుకుంటున్నాను.

ఊళ్లో నీకు కంచు విగ్రహం పెడుతున్నారు. దానికొక సంఘం. సంఘానికి పెద్ద మన ఊరి పెద్ద బర్టోన్, సారాకొట్టు బర్టోన్. కార్యదర్శి బడిపంతులు మదేరా. ఈ ఉత్తరం రాస్తున్నది కూడా ఆ మదేరాగారే. నా ఫిర్యాదులో సగం ఆయన మీదే, అయినా ఈ కొండ మీద కలం పట్టే మనిషి ఇంకొకరు లేరు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని సిలువ ముట్టుకుని ఒట్టు వేశాడు. ఇందాక "సారాకొట్టు" అన్న మాట దగ్గర కలం ఆపాడు. రాయండి అన్నాను, రాశాడు.

విగ్రహం ఎక్కడ పెడతారో తెలుసా? మన ఆరుకొట్టం, అదే పళ్లు ఆరబెట్టే కొట్టం, ఉన్నచోట. కొట్టాన్ని కూలగొట్టి. మీ అమ్మ తన వంతు రోజున పొయ్యిలో కట్టెలు వేస్తూ అక్కడే నొప్పులు పడి నిన్ను కన్నది కదా, అందుకని వీరుడు పుట్టిన చోటే విగ్రహం ఉండాలట. పుట్టిన చోటును పడగొట్టి పుట్టిన చోటు ఇదీ అని పలక పెడతారట. ఇంతటి తెలివి ఒక్కరికి రాదు, సంఘం కూర్చోవాలి.

గోధుమ పండని కొండ ఇది. ఆల్‌బకరా పళ్లు, బేరిపళ్లు తడికల మీద పరిచి, కింద పొగ పెట్టి ఆరబెట్టుకుంటేనే చలికాలం మా నోట్లోకి ఏదైనా పోయేది. ఊరంతటికీ ఉన్నది ఒక్క కొట్టం. కూల్చడానికి నీ అనుమతి ఉందని బర్టోన్ నీ సంతకం ఉన్న కాగితం నా ముక్కు కింద ఊపాడు. నాకు చదువు రాదు గానీ నీ సంతకం వంకర నాకు తెలుసు.

వెంటనే రాయి. విగ్రహం ఇంకెక్కడైనా పెట్టుకోమని చెప్పు.

నీ జ్ఞానతల్లి
అపొలేనా మికులెంకా, ఆమె వేలిముద్ర

అయ్యా, కార్యదర్శిగా ఒక్క మాట. సంఘంలో కొట్టం సంగతి వచ్చినప్పుడు నాకు జలుబుగా ఉండి ఏమీ మాట్లాడలేదు. – మదేరా
(ఆ జలుబు ఇంకా తగ్గలేదని కూడా అపొలేనాగారు రాయమంటున్నారు. రాశాను.)

*

వియన్నా
ఆగస్టు మొదటి వారం

అమ్మా, జ్ఞానతల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే నీ గొంతు వినిపించి ఇంటి యజమానురాలు ఎవరొచ్చారని అడిగింది. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని అర్థమైంది, సంతోషం.

సంతకం నాదే. కాగితంలో "ఊరి నడిమధ్యన, వీరుడి జన్మస్థలమున" అని ఉంది. జన్మస్థలమంటే ఊరే అనుకున్నాను, కొట్టమని తోచలేదు. ఆ రోజు నాలుగు సభలు, అందరూ కాగితాలు చాపేవాళ్లే.

కానీ అమ్మా, ఇప్పుడు వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. విగ్రహం పోత పోయడం కూడా అయిపోయింది. శిల్పికి నా ముక్కు నచ్చిందట, సగం ఖర్చుకే చేశాడు. బర్నో నుంచి జిల్లా దొరగారు ఆవిష్కరణకు వస్తారు, చక్రవర్తి నామదినం, అదే ఆయన పేరిటి పునీతుడి పండుగ రోజున. బర్టోన్ నాకూ రాశాడు. వాగు పక్కన ఇటుకలతో కొత్త కొట్టం కట్టిస్తాడట, ఇనుప తలుపుతో, చిమ్నీతో. పాతదాని కన్నా అదే నయమేమో. కాలం మారుతోంది కదా. ఇక్కడ వియన్నాలో గుర్రాలు లాగే బళ్లు పట్టాల మీద నడుస్తున్నాయి.

నిరుడు పంపిన ఎండుపళ్లు క్రిస్మస్ దాకా వచ్చాయి. మంచు మీద ఉన్నప్పుడూ అవే కదా. చిగుళ్లు వాచి పళ్లు ఊడిపోతున్న మా వాళ్లు ఆ పళ్లు నానబెట్టిన నీళ్ల కోసం పోట్లాడుకునేవాళ్లు.

కోపం తగ్గించుకో. బర్టోన్ మంచివాడే.

నీ తోబియాష్

*

హోర్నీ పసెకీ
ఆగస్టు, మరియమ్మ మోక్షారోపణ పండుగ వెళ్లాక

ఒరేయ్ తోబియాష్,

పంతులుగారు "చిరంజీవి" అని మొదలుపెట్టబోతే వద్దన్నాను.

వాగు పక్కన కొట్టమా? వాగు మీద తెల్లవారి పూట పొగమంచు పడుతుంది. ఆ చెమ్మలో పళ్లు ఆరవు, బూజు పడతాయి. ఇటుక కొట్టంలో పొగ చిమ్నీలోంచి పైకి పోతుంది, తడికల్లోకి రాదు. పొగ తగలని ఆల్‌బకరా పండు పండేనా? పట్నంలో పట్టాల మీద బళ్లు నడిస్తే నడవనీ, మా పళ్లకు పట్టాలు అక్కర్లేదు.

బర్టోన్ దగ్గరికి వెళ్లాను. సారాకొట్టు గుమ్మంలో నిలబడి ఊరికి పేరు తేవాలనే తన తాపత్రయమంతా అన్నాడు. దొరలు వస్తారు, విగ్రహం చూస్తారు, బళ్లు ఆగుతాయి అన్నాడు. బళ్లు ఆగేది నీ కొట్టు ముందా, విగ్రహం ముందా అని అడిగాను. లోపలినుంచి వాడి పెళ్లాం ఫిలొమేనా నవ్వింది. ఆవిడ బుద్ధిమంతురాలు, ఎందుకు చేసుకుందో వాణ్ణి.

సెప్టెంబరు మొదట్లో గడ్డపారలు తెప్పిస్తానని అన్నాడు. తెప్పించుకో నాయనా అని ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. మన కొట్టం కట్టుబాటు నీకు గుర్తుందా, మంచులో గడ్డకట్టిపోయిందా? ఒకసారి పొయ్యి రాజేస్తే, వంతులున్న ఇళ్లన్నిటి వంతులూ అయ్యేదాకా నిప్పు ఆర్పకూడదు. ఆఖరి వంతువాళ్లు చెప్పాలి, అప్పుడే ఆరాలి. మా అమ్మమ్మ కాలంలో దొరగారి సిపాయిలు వచ్చినా వంతు అయ్యేదాకా బయట నిలబడ్డారు. ఏటా సెప్టెంబరులో కదూ రాజేస్తాం? ఈసారి తొలకారు బేరిపళ్లు కాస్త ముందే రాలాయి. ఏరి తెచ్చి, మరియమ్మ పండుగ నాడు పూజనుంచి వస్తూ వస్తూ రాజేశాను.

బర్టోన్ పరుగెత్తుకొచ్చాడు. ఇది కుట్ర అన్నాడు. ఇది బేరిపండు అన్నాను.

నాలుగో రోజుకు ఫిలొమేనా తన బేరిపళ్ల బుట్ట తెచ్చి తడిక మీద పరిచింది. ఇప్పుడు వాడు కొట్టం కూలిస్తే వాడి ఇంటి పళ్లే బూడిద. తర్వాత ఒక్కొక్క ఇల్లూ వస్తోంది. వచ్చే ప్రతివాళ్లూ కట్టుబాటు ప్రకారం చేతిలో ఒక కట్టె తెస్తున్నారు. పొయ్యి గర్భిణిలా నిండుగా ఉంది.

నువ్వేమో నీ ముక్కు బాగుందని రాశావు. చిన్నప్పుడు అది ఎవరు తుడిచారో జ్ఞాపకం తెచ్చుకో.

అపొలేనా

అయ్యా, నా బేరిపళ్లు కూడా తడిక మీద ఉన్నాయి. సంఘానికి తెలియనివ్వకండి. – మదేరా

*

వియన్నా
సెప్టెంబరు మధ్య

అమ్మా,

నీ ఉత్తరం చదివి ట్రాముబండిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ వేరే బెంచీకి మారింది.

కానీ పరిస్థితి నవ్వులాటగా లేదు. బర్టోన్ మూడు ఉత్తరాలు రాశాడు. జిల్లా దొరగారి రాక ఖాయమైంది, వాయిద్యాలవాళ్లను మాట్లాడారు, విగ్రహం రైల్లో బయలుదేరింది. నామదినానికల్లా ఆ చోటు చదును కాకపోతే నవ్వులపాలయ్యేది నేను కూడా.

నీ దగ్గర దాచి ఏం లాభం. ఇంతకు ముందు నా ఉపన్యాసానికి జనం గుమ్మాల దాకా నిలబడేవాళ్లు. ఇప్పుడు ముందు వరసలు కూడా నిండటం లేదు. నా కన్నా చిన్నవాడొకడు ఇంకా ఉత్తరానికి వెళ్లొచ్చాడు, గడ్డం కూడా నా కన్నా బాగుంది. మళ్లీ ఓడ వెళుతోంది, నన్ను పిలవలేదు. మంచు కొరికి కాలివేళ్లు పోయినవాణ్ణి ఎందుకు పిలుస్తారు. అందుకే ఆ విగ్రహం కావాలనిపించింది. ఎక్కడో ఒక చోట నేను కదలకుండా నిలబడి ఉంటే, ఎవరైనా దారిన పోతూ వీడు ఫలానా అనుకుంటే బాగుండుననిపించింది. వీధిలో నన్ను ఎవరూ ఆపని రోజు ఎలా ఉంటుందో నీకు చెప్పినా అర్థం కాదేమో.

ఆఖరి వంతు నీదే కదా. ఊరి వంతులు అయ్యాక ఒక్క మాట, "అయింది" అను. నా కోసం అను. ఇటుక కొట్టం వాగు పక్కన కాక గట్టు మీద కట్టించే పూచీ నాది.

తోబియాష్

*

హోర్నీ పసెకీ
సెప్టెంబరు, పునీత మిఖాయేలు పండుగ ముందు

నాయనా తోబియాష్,

ఈసారి "చిరంజీవి" అని రాయనిచ్చాను, పైన చోటు లేక పంతులుగారు మానేశారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. వీధిలో ఎవరూ ఆపకపోతే ఎలా ఉంటుందో నాకెందుకు తెలియదు? మొగుడు పోయిన తర్వాత చాలాకాలం నన్నెవరూ ఆపలేదు. అప్పుడు నేనే వెళ్లి అందర్నీ ఆపడం మొదలుపెట్టాను. ఇప్పుడు నన్ను చూసి బర్టోన్ పక్క సందులోకి తిరుగుతాడు. అది కూడా ఒక గౌరవమే.

నువ్వొక సంగతిలో పొరబడ్డావు. ఆఖరి వంతు నాది కాదురా. మీ అమ్మది.

నువ్వు ఆ కొట్టంలో పుట్టావని ఊరంతా కూర్చుని ఆఖరి వంతు ఆమెకిచ్చింది. పిల్లాడికి చలి తగలకుండా ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు నిప్పు ఉంచుకోమన్నారు. ఆమె పోయాక ఆ వంతు ఎత్తేయాలని ఎవరో అంటే నేను లేచాను, ఇంకెవరూ అనలేదు. మీ తోట ఎప్పుడో పోయింది కనుక ప్రతి ఇల్లూ తన పళ్లలోంచి ఒక చేటెడు తీసి ఆ వంతు తడికల మీద వేస్తుంది. నీకు ఓడకూ, వియన్నాకూ వచ్చిన పళ్లు అవే. అపొలేనా తోటవి అనుకున్నావా? నా చెట్లు కాస్తే పందులకే చాలవు.

అంచేత "అయింది" అనే నోరు నాది కాదు. కొడుకు బతికి ఉండగా వంతు కొడుకుది. ఇన్నేళ్లూ నీ బదులు నేను కూర్చున్నాను, ఇక కూర్చోను.

నేను హోస్తీన్ కొండ మీది మాత దగ్గరికి జపమాల యాత్రకు వెళుతున్నాను. కొండ కింద మా ఆడబిడ్డ ఇంట్లో దిగుతాను. ఊరి వంతులు సోమవారంతో సరి. ఆ సాయంత్రం నుంచి మీ అమ్మ వంతు. ఆమె వంతు తడికలు పచ్చిపళ్లతో నింపి పెట్టి వెళుతున్నాను. తాళంచెవి పంతులుగారి దగ్గర ఉంటుంది.

నువ్వు రాకపోతే నిప్పు దానంతటదే ఆరుతుంది, బర్టోన్ గడ్డపారలు వస్తాయి. వస్తే నీ ఇష్టం. ఆర్పాలనిపిస్తే నీ చేత్తో నీళ్లు పోసి ఆర్పు. నిన్ను తిట్టను. మాతకు మొక్కి చెబుతున్నాను, తిట్టను. నేను చూస్తూ ఉంటే నీకు తోచింది నువ్వు చేయలేవు, అందుకే అక్కడ ఉండను.

నీ జ్ఞానతల్లి

అయ్యా, ఆమె వెళ్లిపోయింది. కొత్త బూట్లు అరిగిపోతాయని చేత పట్టుకుని నడిచింది. ఊరంతా చాలా నిశ్శబ్దంగా ఉంది. బర్టోన్‌గారు సంతోషించాలి, కానీ కిటికీలోంచి మాటిమాటికీ రోడ్డు వంక చూస్తున్నారు. – మదేరా

*

హోర్నీ పసెకీ, ఆరుకొట్టం
అక్టోబరు, చక్రవర్తి నామదినం మరునాడు

అమ్మా,

ఈ కాగితానికి మసి అంటింది, క్షమించు.

నిజం చెబుతాను. ఆర్పడానికే వచ్చాను. సోమవారం సాయంత్రమే రైలు దిగి సామాను పంతులుగారింట్లో పడేసి, తాళంచెవి తీసుకుని, వాగు దగ్గర బకెట్టు నింపుకుని ఎక్కాను. తలుపు తీశాక ఆ వేడి మొహానికి కొట్టింది. తడికలు ఇంకా పచ్చి. ఒక పండు నొక్కి చూస్తే రసం కారింది. అర్ధంతరంగా ఆపితే అన్ని ఇళ్ల పళ్లూ కుళ్లిపోతాయి. ఈ ఒక్క తడవ పళ్లు ఆరనీ, తర్వాత చూద్దాం అని బకెట్టు పక్కన పెట్టాను.

పెట్టి ఏం చేశానో చెబితే నువ్వు మొక్కు మరిచిపోయి తిడతావు. చేతికందిన దేవదారు కట్టెలు నాలుగు పొయ్యిలో వేశాను. జిగురు కట్టె అని తట్టలేదు. మంచులో ఓడ చెక్కలు కాల్చి బతికినవాణ్ణి కదా, నిప్పు అంటే నాకు తెలుసనుకున్నాను. కాసేపటికి కొట్టమంతా నల్లపొగ. ఫిలొమేనా చెంగు మూతికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా వీరుడూ, పళ్లు ఆరబెడుతున్నావా, బూట్లకు తారు పూస్తున్నావా?" అంది.

ఆ కట్టెలు కర్రతో బయటికి లాగించింది, గట్టికట్టె తెప్పించింది, తడికలు మార్చడం మళ్లీ నేర్పింది. ఒక తడిక పళ్లు తారు వాసన వేస్తున్నాయి. అవి నేనే తినాలని తీర్పు. తింటున్నాను.

నిన్న పొద్దున బర్టోన్ వచ్చాడు. ఈక పెట్టిన టోపీ, వెనక గడ్డపారలతో మనుషులు, వాళ్ల వెనక బండి మీద గడ్డిలో చుట్టిన కంచు నేను. వాన పడుతోంది. నేను చొక్కా చేతులు మడుచుకుని పొయ్యి ముందు ఉన్నాను. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత టోపీ తీశాడు.

"తోబియాష్‌గారూ, దొరగారు మధ్యాహ్నానికల్లా వస్తారు. తమరు చెప్పండి, మొదలుపెట్టమంటారా?"

అమ్మా, ఆ బండి వైపు చూశాను. గడ్డిలోంచి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. బాగానే ఉంది ముక్కు. నా నోటిదాకా వచ్చింది, మొదలుపెట్టండి అని. అదే సమయానికి పై తడిక పళ్లు తిప్పాల్సిన వేళ అయింది. మాట్లాడుతూ నిలబడితే మాడిపోతాయి. వెళ్లి తిప్పాను. తిప్పి వచ్చేసరికి చెప్పాల్సిన మాట మారిపోయింది.

"మా అమ్మ వంతు నడుస్తోంది పెద్దయ్యా. ఇంకా అవలేదు" అన్నాను.

"ఎప్పుడవుతుంది?"

"ఈ ఏడు పళ్లు అయ్యేదాకా. తర్వాత వచ్చే ఏడు ఉంది."

బర్టోన్ గుమ్మంలోకి అడుగు పెట్టాడు. వెనకనుంచి ఫిలొమేనా, "ముందు నీ చేతిలో కట్టె ఏదయ్యా? మండే కొట్టం గుమ్మంలోకి ఉత్తచేతులతో వచ్చావు. ఊరి పెద్దవై ఉండి కట్టుబాటు తెలియదా?" అంది. గడ్డపారల మనుషులు తలలు దించుకున్నారు, వాళ్ల చేతుల్లోనూ కట్టెలు లేవు. ఒకడు గడ్డపార గోడకు ఆనించి కట్టె కోసం వెళ్లాడు. మిగిలినవాళ్లు వాడి వెంట వెళ్లారు. కొంతసేపు బర్టోన్ ఒక్కడే వానలో నిలబడ్డాడు. తర్వాత తనూ వెళ్లి ఒక దుంగ మోసుకొచ్చాడు, పెద్దదే తెచ్చాడు పాపం.

దొరగారు వచ్చేసరికి వాన హోరు. బండి మీది విగ్రహానికి గడ్డి తీసే ఓపిక ఎవరికీ లేదు. అందరం కొట్టంలోకి దూరాం. వాయిద్యాలవాళ్లు బాకాల్లో నీళ్లు వంచుకుంటూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. దొరగారు ఉపన్యాసం కాగితం తీశారు, తడిసిపోయింది. ఫిలొమేనా ఆయన చేతిలో వేడివేడి పళ్లు పెట్టింది. నోట్లో పండుతోనే దొరగారు, "ఇంత మంచి కొట్టాన్ని పడగొడతారని బర్నోలో ఎవరో అన్నారే?" అని అడిగారు.

"ఎవరండీ ఆ మాట అన్నది? ఈ ఊళ్లో అలాంటివాళ్లు లేరు" అన్నాడు బర్టోన్.

పంతులుగారు దాన్ని కార్యదర్శి హోదాలో సంఘం తీర్మానంగా అక్కడికక్కడే రాసుకున్నారు. దొరగారి సంతకం కూడా పెట్టించారు. జలుబు తగ్గింది ఆయనకు.

విగ్రహం సారాకొట్టు ముందు పెడుతున్నారు. బళ్లు అక్కడే ఆగుతాయి కనుక బర్టోన్‌కు సంతోషమే. సాయంత్రం తాగి తూలేవాళ్లకు పట్టుకోవడానికి నా భుజం సరైన ఎత్తులో ఉందని ఇప్పటికే పేరొచ్చింది.

వియన్నాకు రాశాను, చలికాలం ఉపన్యాసాలు రద్దు. నువ్వెప్పుడొస్తావు?

తోబియాష్

*

హోస్తీన్ కొండ
అక్టోబరు, జపమాల ఆదివారం వెళ్లాక

చిరంజీవి తోబియాష్‌కు,

ఇది రాస్తున్నది గుడి ముందు కొవ్వొత్తులు అమ్మే ముసలాయన. పంతులుగారంత బాగా రాయడు, ఎదురు చెప్పడు కూడా. అదే బాగాలేదు.

దేవదారు కట్టె సంగతి చదివించుకున్నాను. మాతకు మొక్కాను గనుక ఏమీ అనను. మాత వినకుండా ఇంటికొచ్చాక అంటాను.

నేను ఇప్పుడే రాను. మా ఆడబిడ్డ ఇంట్లో పుల్ల క్యాబేజీ పులుసు బాగుంటుంది, కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాను. ఏ అక్టోబరులోనూ ఇలా కూర్చోలేదు. గుడి మెట్ల మీద ఒకావిడ పలకరించి, ఒక్కదానివే వచ్చావా, నీకెవరూ లేరా అని అడిగింది. ఉన్నాడు, పొయ్యి దగ్గర ఉన్నాడు, వదిలి రావడానికి వీల్లేదు అన్నాను. ఏం చేస్తాడని అడిగింది. చెప్పాను కదమ్మా, పొయ్యి చూస్తాడు అన్నాను. ఆవిడకు మంచు సముద్రం సంగతి చెప్పాలని తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ గుళ్లోకి వెళ్లిపోయింది.

ఇదిగో ఆశీస్సులు. జూలైనుంచి ఆపి ఉంచినవన్నీ ఒకేసారి పంపుతున్నాను.

ఇది పొయ్యి ముందు కూర్చుని చదువుతూ ఉంటావు. చదివింది చాలు, లేచి పై తడికలు తిప్పు.

అపొలేనా